ఉప్పుగాలి

డాబాగార్డెన్స్ సందులో, మెట్ల కింద,
నాలుగడుగుల బల్ల నాది.
ఇరవై రెండేళ్లుగా సముద్రమే నాకు బేరాలు పంపుతోంది.
ఆవిడ ఊరికే ఉండదు కదా.
కిటికీ ఊచలు తిన్నట్టే
చార్జింగు కన్నంలోని సన్నటి పళ్లని
కొంచెం కొంచెంగా కొరుక్కు తింటుంది.
మూత తీసి చూస్తే చాలు, మనిషిది ఏ పేటో చెప్పేస్తాను:
ఆకుపచ్చ చిలుమైతే జాలరిపేట,
నల్లటి పొడి రాలితే జ్ఞానాపురం.

నూకరత్నం,
రేపట్నించి గాజువాకలో నీ బల్ల నీది.
స్క్రూడ్రైవర్లు ఇచ్చాను, భూతద్దం ఇచ్చాను.
చెప్పాల్సినవి ఇంకా కొన్ని మిగిలాయి.
వరసలో రావు. వచ్చినట్టు విను.

పాత ఫోను కొనడానికి ఎవరైనా నిన్ను తోడు రమ్మంటే
ముందు దాన్ని ఎండలోకి తెమ్మను.
షాపు లైట్ల కింద ప్రతి అద్దమూ పెళ్లికూతురే.
స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్:
నొక్కితే వచ్చే పదిహేను అంకెలూ
బిల్లు మీద ఉన్నవీ ఒకటేనా చూడు.
బిల్లు ఇంట్లో ఉందంటాడు.
పద, ఇంటికే వెళ్దామను.
రాడు.

పూరీ పొంగితే సంబరం గానీ
బ్యాటరీ పొంగితే కాదు.
మొన్నొకాయన వెనక మూతకి రబ్బరు బ్యాండు చుట్టి తెచ్చాడు,
"ఇంకో నెల లాగించేయ్ మేస్త్రీ" అని.
రాత్రి దిండు కింద పెట్టుకునే పడుకుంటున్నాడట!
చేతులు జోడించాను.
బల్ల కింద ఇసుక డబ్బా ఉంచుకో.
బీచి ఇసుక తేకు, అందులోనూ ఆవిడే.

తొంభై రూపాయల చార్జరుని అరచేతిలో తూచి చూడు.
లోపల సరుకున్నది బరువుంటుంది,
లేనిది ఈకలా తేలిపోతుంది.
మనుషులూ అంతే... వద్దులే, ఇప్పుడా మాటెందుకు.

గరికిన అప్పలకొండ ఫోను
తెప్ప అంచు మీంచి జారి నీళ్లలో పడింది.
వాళ్లావిడ మూడ్రోజులు బియ్యం డబ్బాలో దాచింది.
నీళ్లు ఆరుతాయి, ఉప్పు ఆరుతుందా?
పడిన వెంటనే ఆపెయ్యాలి,
చార్జింగు పెట్టకూడదు, ఆ పూటే తేవాలి.
ఎన్నిసార్లు చెప్పినా వీధి వీధంతా బియ్యాన్నే నమ్ముతుంది.
ఫోను బతకలేదు.
ఆ బియ్యమే వండి, చేపల పులుసుతో
నాకు కారియర్ పంపింది ఆ తల్లి.
చాలా బాగుంది.

హుద్‌హుద్ అప్పుడు నువ్వు చిన్నపిల్లవి.
పడిపోయిన చెట్లు దాటుకుంటూ
జనం జనరేటరు దగ్గర వరస కట్టారు,
ఒక్క గీత చార్జింగు కోసం.
పెళ్లాం నంబరు నోటికి రాని మగాళ్లు
ఆ వారం ఎంతమంది బయటపడ్డారో!
అందుకే, పవర్ బ్యాంకు కొన్నవాళ్లకి
నెలకోసారైనా దాన్ని నింపమని చెప్పు.
నాలుగు నంబర్లు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోమను.
కాగితానికి సిగ్నలక్కర్లేదు.

ఇక చివరిది. నాకు చెప్పడం కష్టం.
చచ్చిన ఫోను నీ చేతిలో లేచి కూర్చున్నప్పుడు
ఎవరిదో బతుకు ఒక్కసారిగా తెరుచుకుంటుంది.
మెసేజీలు టకటకా రాలతాయి.
చూపు తిప్పుకో.
నీ నంబరుకే ఓ కాల్ చేసి, మాట వినపడిందా లేదా చూసి,
మూత బిగించెయ్.

నేనొకసారి చూశాను.
పన్నెండేళ్లయింది.
ఆయన ఇప్పటికీ నా దగ్గరికే వస్తాడు,
"మీరు తప్ప ఎవరినీ నమ్మను" అంటాడు,
టీ చెప్తాడు.
ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా
నేను స్క్రూలు లెక్కపెడుతూ ఉంటాను.

అదిగో, గాజువాక బస్సు.
సంచీ మూతి గట్టిగా కట్టు.
ఇవాళ గాలి తడిగా ఉంది.