పదేళ్ల చిరునామాలు

అక్టోబరు. టొలీడోలో ఇంకా తెల్లారలేదు.
హైస్కూలు మైదానం చుట్టూ ఎర్ర ట్రాకు
మంచు పట్టి జారుతోంది.
ఆరు చుట్లు పరిగెత్తాలి.
కంచె పక్కన మడతకుర్చీలో లెరోయ్ గారు
ఫ్లాస్కు మూతలో కాఫీ ఊదుకుంటూ
"పద్నాలుగు నిమిషాల రెండు సెకన్లు" అంటారు,
వంకాయల ధర చెప్పినట్టు.

ఇరవై ఆరేళ్లు తపాలా శాఖలో ఇన్‌స్పెక్టరు.
ఎంతమందిని పట్టుకున్నారని అడిగితే
ఈసారి చలి ముందే వచ్చిందంటారు.
ఒక్కసారి మాత్రం, బూట్లు విప్పుకుంటుంటే,
"పరుగుదేముందమ్మాయ్, ఎవరికైనా వస్తుంది.
ఫారం ఎలా నింపుతావో చూడాలి."

ఫారం.
నూటికి పైన పేజీలు.
పెళ్లిచూపులవాళ్లే నయం,
జీతం, ఎత్తు అడిగి జీడిపప్పు తిని వెళ్లిపోయారు.
ఇది అడుగుతుంది:
ఏ నెల నుంచి ఏ నెల దాకా ఏ ఇంట్లో ఉన్నావు,
అక్కడ నిన్నెరిగినవాళ్లెవరు,
ఎవరికి బాకీ, ఎవరితో తగువు,
ఏ దేశంలో ఎన్ని రాత్రులు పడుకున్నావు.
రేపు ఎవరింట్లోనో సోదా చెయ్యబోయేదాన్ని,
ముందు నా సొరుగులే బోర్లించుకుంటున్నాను.

లగ్రాంజ్ వీధి, పై వాటా, పదకొండు నెలలు.
కింద వాటా కోవాల్చిక్ గారికి ఫోన్ చేశాను.
"ఎవరో వచ్చి నా గురించి అడుగుతారండీ."
"రాత్రి పదకొండుకి మిక్సీ వేసేదని చెప్తాలే."
చెప్పండి. వేసేదాన్ని.

ఆ ఇంటి దగ్గరే వేలు ఆగిపోయింది.

నాకు ముందు ఆ వాటాలో ఉన్నవాడు డెల్బర్ట్ ప్రూయిట్.
మనిషి ఖాళీ చేశాడు, పేరు చెయ్యలేదు.
గ్యాసు బిల్లులు, పళ్ల డాక్టరు పిలుపులు.
ఇక్కడ లేరని రాసి మళ్లీ పెట్టెలో వేసేదాన్ని, బుద్ధిగా.
ఫిబ్రవరిలో ఒక నీలం కవరు.
వణుకుతున్న చేతిరాత.
ఆకలేసి చింపానని రాయొచ్చు.
అంత ఆకలి లేదు.

లోపల ఉడత బొమ్మ కార్డు,
నాలుగు మడతల ఇరవై డాలర్ల నోటు.
"పుట్టినరోజుకి టోపీ కొనుక్కో, చెవులు జాగ్రత్త. నానమ్మ."

బియ్యం కొన్నాను, డజను గుడ్లు.
మిగిలిన చిల్లర లాండ్రీ మెషీన్ మింగింది.
ఆ చేతిరాత మళ్లీ రాలేదు.
కార్డు మాత్రం చాలా రోజులు
లెక్కల పుస్తకంలో గుర్తుగా ఉండేది,
నేను ఆడిటింగు చదువుతున్నాను మరి.

మైదానం నుంచి ఇంటికి నడిచే దారంతా
ప్రతి గుమ్మం ముందూ గుమ్మడికాయలు,
కళ్లూ పళ్లూ చెక్కినవి,
కాపలా లేకుండా, వందలు.
చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది.
చెమట.

"వైర్లు తగిలించి అడుగుతారు కదా" అన్నాను లెరోయ్ గారితో,
మొత్తం చెప్పేశాక.
ఎంత డబ్బని అడగలేదాయన.
"ఆ పిల్లాడి పేరు గుర్తుందా?"
ఉంది.
"వాళ్ల నానమ్మ చిరునామా?"
కవరు మూలన ఉన్నది, ఇంటి నంబరుతో సహా,
కెంటకీ, పడూకా,
నిద్రలో లేపి అడిగినా చెప్తాను.
ఆయన మూత బిగించారు.
"ఉద్యోగం వస్తుందో రాదో నాకు తెలీదు" అన్నారు.
"గుర్తున్నదంతా రాయి."

వివరాలకి ఇచ్చిన గడి చిన్నది.
నెల రాశాను, మొత్తం రాశాను.
నీలం అని కూడా రాశాను, ఎవరూ అడగకపోయినా.
టోపీ అన్న మాట దగ్గర
రెండుసార్లు కొట్టేసి, మళ్లీ పెట్టాను.

మర్నాడు ఒళ్లు తేలికవుతుందనుకున్నాను.
ఆరు చుట్లు.
"పద్నాలుగూ తొమ్మిది" అన్నారు లెరోయ్ గారు.
నిన్నటికంటే నెమ్మది.
చేతులు మోకాళ్ల మీద ఆనించి, ఆయాసపడుతూ,
అదే అంకె నోటుబుక్కులో వేసుకున్నాను.