మానిక కొలత

జిల్లా పరిషత్ బడి వేలంల కొన్న మిషన్ అది.
డబ్బా పక్కన నాగరి అంకెల్ల పద్నాలుగు,
ఎర్ర రంగు, బ్రష్షు కారిన గీతతోని సహా.
సిరోంచ బస్టాండు ఎదురుంగ నా స్టూడియోల
పదకొండేండ్ల సంది మొఖాలు మోస్తున్నది.

చిన్న డిస్కు. నలభై జీబీ.
పెండ్లిండ్ల కాలం ముందు ప్రతిసారి
ఒక రాత్రి కూసొని తీసెయ్యాలె.
ఎవరివి?
బాకీ ఉన్నోళ్లవా, మూడేండ్లయినా మల్ల అడగనోళ్లవా,
విడిపోయినోళ్లవా?
అంకీస పెండ్లయినా, ఆసరెల్లి పెండ్లయినా
డిలీట్ నొక్కితే ఒకటే చప్పుడు.

దుర్గం లచ్చుబాయి పోయినేడు ఆషాఢంల వచ్చింది.
"మా ఆయనది తీసినవు గద, పింఛను కాయితానికి.
పెద్దగ చేసియ్యి, గోడకు."
వెతికిన.
లేదని తెలిసినంక కూడా ఇంకొంత సేపు వెతికిన.
ఆమె స్టూలు మీద కూసొని
కొంగు ముడిల యాభై నోటు తీసి
మడత సరి చేస్తనే ఉన్నది.

గందుకే కొన్న ఈ డిస్కు, మంచిర్యాలల,
సెకండు హ్యాండు, మూడొందల ఇరవై.
అరచేతిల ఇటుక పెల్ల లెక్క బరువు.
కేబులు గుచ్చి చూస్తే
నల్ల తెర మీద తెల్ల అక్షరాలు:
నూట ముప్ఫై ఏడు.
పీకి మల్ల పెట్టిన. నూట ముప్ఫై ఏడు.
బియ్యపు గింజంత జంపరు మార్చిన, ఊదిన, దండం పెట్టిన.
అక్కడిదాకనే వచ్చింది దాని లెక్క.
అవతల జాగ ఉన్నదని
దానికి ఎవరూ చెప్పలే.

సెల్లులు బాగుచేసే రాజబాపు నవ్విండు.
"అక్కా, ఇది పుట్టిననాడు ఇంత డిస్కులు లోకంల లెవ్వు.
నంబరు రాసుకోను ఇరవై ఎనిమిది గడులే దానికి.
ఇంటి నంబర్లు అయిపోయినంక
వాడ ఎంత పొడుగున్నా ఉత్తరం పోదు గద."

బయోస్ మార్చాలె. అది ఫ్లాపీల రావాలె.
ఇయ్యాల ఫ్లాపీ ఏడ దొరుకుతది?
చంద్రపూర్ల ఒక ముసలి టైపిస్టు కాడ ఉన్నదంటే
కండక్టరు వాఘాడే అంగి జేబుల తెచ్చిండు,
తమాకు డబ్బి పక్కన పెట్టుకొని.
"సాంభాళ్ తాయీ" అని రెండు చేతులతోని ఇచ్చిండు.

మార్చేటప్పుడు కరెంటు పోతే మిషన్ సచ్చినట్టే.
మన కరెంటు సంగతి తెల్వనిదా?
రాజబాపు వాళ్ల మామ ట్రాక్టరు బ్యాటరీ విప్పుక వచ్చి
ఇన్వర్టరుకు తగిలిచ్చిండు.
షట్టరు దించినం. ఫ్యాను బంద్ పెట్టినం.
నిమిషంన్నర.
ఊపిరి పీల్చినా కరెంటు కాలుతదేమో అన్నట్టు
ఇద్దరం కదలకుంట కూసున్నం.

మిషన్ లేచి, మూడొందల ఇరవై అన్నది.
విండోస్ మాత్రం పాతపాటే.
పటేలు ఒప్పుకున్నా పట్వారి ఒప్పుకోడు.
సర్వీసు ప్యాకు ఎక్కించి,
రిజిస్ట్రీల ఒక సున్నను ఒకటి చేసి,
రాత్రి పదకొండింటికి ఒప్పిచ్చినం:
రెండొందల తొంభై ఎనిమిది.

"మల్ల ఇరవై రెండు ఏమైనయిరా?"
"ఎవరూ తినలే అక్కా. అమ్మినోడు వెయ్యితోని కొలుస్తడు,
మిషన్ వెయ్యిన్నిరవై నాలుగుతోని."
మా అవ్వ యాదికొచ్చింది.
ప్రాణహిత దాటి చెన్నూరు సేటుకు వడ్లు పోసేది.
సేటు మానిక ఇంకొంచెం లోతు.
ఇంటికాడ నలభై అయినయి అక్కడ ముప్ఫై ఏడు,
పడవల ఒక్క గింజ పారబోసింది లేదు.
అయినా ఆమె ప్రతిసారి
పడవ అడుగు చూసి దిగేది.

తెల్లారి లచ్చుబాయికి కబురు పంపిన.
ఆ ఫొటో రాదు. ఎంత జాగ ఉన్నా రాదు.
ఆమె తెచ్చింది ఆయన బస్సు పాసు,
ప్లాస్టిక్ లేచి, గడ్డం మీద సగం ముద్ర.
స్కానర్ల బోర్లా పండబెట్టిన.
ఎంత వివరంగ కావాలె, అని అడిగింది మిషన్.
గీతను చివరిదాక జరిపిన.
లచ్చుబాయి స్టూలు దగ్గరికి గుంజుకున్నది.
మెల్లగ, చానా మెల్లగ
చెవి కాడికెల్లి
ఆయన రావట్టిండు.