ఒక మీట

రూసెలో, దాన్యూబ్ ఒడ్డున,
చెప్పులు కుట్టే కొట్టు పైగదిలో
నెలకో గురువారం ఏడుగురు కలుస్తారు.
మునుపు నలభైమంది. కుర్చీలు మాత్రం అమ్మలేదు.

వెల్చెవ్ పోయి ముప్పయ్యేళ్ళు.
కరెంటు బిల్లు వెనక ఆయన గీసిన మూడు చందమామల పటం,
ఒక కోటు, ఆ టైప్‌రైటరు.
పసిబిడ్డ మూతి తుడిచినట్టు
జివ్కా దాన్ని తుడుస్తుంది.

ఆయన గ్రహవాసుల భాషలో 'ర' లేదు.
నాలుక వణకని జాతికి భయం తెలియదని
సోఫియా పండితుడొకాయన పుస్తకమే రాశాడు.
వీళ్ళు తలలు అడ్డంగా ఊపారు,
అక్కడ ఔనంటే అంతే.
మీట విరిగిందనీ, బాగుచేయించే డబ్బుల్లేక
కథంతా సిరాతో 'ర'లు దిద్దుకుంటూ,
విసిగి, ఒక లోకానికే ఆ అక్షరం ఎగ్గొట్టాడనీ
ఎవరూ నోరు విప్పలేదు.

పోయిన చలికాలం
కొత్తగా చేరిన గడియారాల ఓగ్న్యాన్
సంబరపడతారని మీట అతికించి తెచ్చాడు.
టక్.
కాగితం మీద 'ర'.

చప్పట్లు లేవు.
కింద కొట్లో సుత్తి కూడా ఆగింది.
ఓటింగు పెట్టారు. పీకెయ్యమని ఆరు చేతులు.
స్క్రూడ్రైవర్ తీసింది ఏడోవాడే.

ఊడిన మీట ఇప్పుడతని చొక్కా జేబులో.
రకియా కాస్త ఎక్కువైన గురువారాల్లో
అడిగి తీసుకుంటారు,
ఒక అరచేతిలోంచి ఇంకో అరచేతిలోకి.