కిందవడ్డదన్నా

కిందవడ్డ ఫోను
మూలకెల్లి పగుల్తది.
పదకొండేండ్ల సంది ఇదే పని నాది.
హన్మకొండ చౌరస్త, మందుల దుకాణం మెట్ల కింద
నాలుగు ఫీట్ల బల్ల, భూతద్దం, హీట్‌గన్ను.
పగులు జూస్తే చెప్తా
బండి మీదికెల్లి జారిందా, బాత్రూంల వడ్డదా,
ఆలుమొగలు గుంజుకున్నరా.

ఈ పిల్లది నడుమల పగిలింది.
సాలెగూడు లెక్క,
సరిగ్గ బొటనవేలు ఆనే కాడ.
"కిందవడ్డదన్నా" అన్నది.
"అట్లనా" అన్న.

రశీదుకు పేరడిగితే యక్షిత అన్నది.
మళ్ల కొట్టేపిచ్చి
యాకలక్ష్మి అని రాపిచ్చింది.
నేను యాకూబ్‌ని.
మా ఇద్దరి అమ్మలు ఒక్క అన్నారం దర్గలనే
మొక్కిండ్రు గావచ్చు.
చెప్పబోయి, ఆ కండ్లు చూసి ఊకున్న.

డిస్‌ప్లే హైదరాబాద్ నుంచి రావాలె, మూడు రోజులన్న.
మూడు రోజులు మూడుసార్లు వచ్చింది.
నిలవడ్డంతసేపు
చెయ్యి ఊకూకె బ్యాగులకు పోతది,
ఉత్తగనే తిరిగొస్తది.
పన్ను పీకిపిచ్చుకున్నంక
నాలుక ఆ సందులకే పోయినట్టు.

నాలుగోనాడు పొద్దుగాల అద్దం అతికిచ్చి ఆన్ జేసిన.
టచ్ పనిచేస్తుందా అని వేలు గీస్తుంటే
రేకుల మీద రాళ్లవాన లెక్క నోటిఫికేషన్లు.
బోర్లేసిన.
అప్పటికే ఒకటి చదివిన.
ఏనుమాముల యార్డు. తేజ మిర్చి కుప్ప.
తొడిమెలు తీసుకుంట
కొంగు ముక్కుకు కట్టుకున్న ఒకామె.
కింద ఎవడో రాసిండు: యక్షిత మేడం గారి మమ్మీ.
దాని కింద
కండ్లెంట నీళ్లు కార్చుకుంట నవ్వే బొమ్మలు
బస్తాలు పేర్చినట్టు.

ముందు కెమెరా గూడ చూడాలె గద.
తెరిస్తే నా మొఖమే వచ్చింది.
ఇసొంటియి చూసి నేనూ నవ్విన. నలుగురికి పంపిన.
ఎవరి అమ్మ అని అడగలె ఎన్నడూ.

పగటాల్ల వచ్చింది.
"అయ్యిందా అన్నా?"
సొరుగుల ఫోను జిర్రుమంటాంది.
నట్లడబ్బ దాని మీద పెట్టి
"డిస్‌ప్లే రాలే చెల్లె, ఎల్లుండి" అన్న.
గిరాకికి అబద్ధం చెప్పుడు నాకు కొత్త గాదు.
గిదొక్కటే గొంతుల ఇరికింది.

ఎల్లుండి రాలె. ఆరొద్దులకు వచ్చింది.
పైసలిస్తుంటే చూసిన,
వేళ్లు ఎర్రగ ఉబ్బి ఉన్నయి.
ఎందుకో అడగలె, ఆమె చెప్పలె.
నోట్లు లెక్కవెట్టి
మర్శిపోయి కన్ను తుడుసుకున్న.
భగ్గుమన్నది.
"అయ్యో రుద్దకన్నా, రుద్దకు, ఇంక ఎక్కువైతది" అని
తన సీసల నీళ్లు నా దోసిట్ల వోసింది.
"మా అమ్మైతే కొబ్బరినూనె రాస్తది" అన్నది.
మా అమ్మ అన్నది.

ఫోను తీస్కొని ఎండలకు నడిసింది.
ఆటోలు, జనం, చెరుకురసం బండి.
తల వంచిందో, వంచలేదో.
తెర ఎలిగిందో లేదో
ఆ ఎండల, మండే కన్నుతోని
నాకు అవుపడలె.