దగ్గొచ్చేలోపు

మిర్చి యార్డులో దగ్గు అందరిదీ.
ఒకరు మొదలెడితే షెడ్డంతా అందుకుంటుంది.
తేజ రాశి కదిలిన రోజు
కాటా గుమస్తా కూడా తువ్వాలు చుట్టుకుంటాడు.
నా దగ్గు మాత్రం
గొంతులోంచి పైకి పోయేది కాదు,
కిందికి దిగేది.

పదిహేనేళ్లు దిగింది.
మొదట తడిగుడ్డ మడిచి పెట్టినట్టు ఒక బరువు,
తర్వాత నీళ్లు పోసుకుంటుంటే
చేతికి తగిలిన మెత్తని గుండ్రం.
మా అత్త దాన్ని ‘అది’ అనేది.
ఆమెకీ ఉందని
ఆ ఒక్క మాటతోనే తెలిసింది నాకు.

కడుపులో పెట్టుకో, అన్నారు.
ఆడబిడ్డ అన్న మాట, మేస్త్రి కోసిన కూలి,
పుట్టి తొమ్మిదో రోజున పోయిన మూడోవాడు,
అన్నీ కడుపులోనే పెట్టుకో.
పెట్టాను.
గోనెసంచికైనా ఒక లెక్కుంటుంది,
అది దాటితే కుట్టు పిగులుతుంది.

జనరలాసుపత్రిలో సంచి తీశారు,
మూత్రపు తిత్తిని పైకి కట్టి కుట్టారు.
ఏడాదిన్నరకి
మళ్లీ అదే తడిగుడ్డ.

కొంచెమే జారింది, ఇప్పుడే మళ్లీ కత్తి వద్దు,
కిందగదికి పో అంది డాక్టరమ్మ.
కిందగదిలో షాహినూర్,
నా చిన్నదానికంటే చిన్నది.
నవ్వకుండా అడిగింది:
‘నలుగురిలో ఉన్నప్పుడు పిత్తొస్తే ఎట్లా ఆపుకుంటావు?’
నేను నవ్వాను. నవ్వితే చీర తడిసింది.
‘ఆ బిగింపే అమ్మా, అదే మందు.’
ఊపిరి వదులుతూ
బావిలోంచి చేద తోడినట్టు లోపల్నుంచి పైకి.
పైనుంచి చేద ఒక్కసారే జారవిడవకు,
దించడం కూడా పనే అంది.

ముక్కొద్దు అని కూడా అంది.
ముక్కుతూ మూలుగుతూ ఈదుకొచ్చిన సంసారం,
ముక్కకుండా ఏదైనా చేశానా నేను!
రంగు డబ్బా బోర్లించి కాళ్ల కింద పెట్టుకుని
కాసేపు ఊరికే కూర్చోవడం నేర్చుకున్నాను,
యాభై రెండో ఏట.

యార్డులో నీళ్లు తాగను ఎప్పుడూ,
తాగితే ఆ గడియ లేని తలుపు.
ఇప్పుడు తాగుతున్నా.
దీవెనమ్మ కాపలా నిలబడి
బయట్నుంచి పెద్దగా ధరలు చదువుతుంది.
మధ్యాన్నం
పిరుదుల కింద మడిచిన గోనె,
కాళ్లు టిక్కీల మీద.
పడుకుంటే రేకుల సందులోంచి
ఒక్క ముక్క ఆకాశం, దానికి ఘాటు లేదు.

తొడిమ తుంచేటప్పుడు బిగింపు,
కాయ ఒళ్లో పడేటప్పుడు వదులు.
నా ముఖం చూసి ఎవరూ కనిపెట్టలేరు.
మేస్త్రి తాలుకాయలు ఏరమంటాడు, ఏరుతూనే ఉంటాను,
లోపల చేద పైకీ కిందికీ.

ఆయనకు పేరు పెట్టి చెప్పాను,
గర్భసంచి జారడమంటే ఇదీ అని.
నోటి దగ్గర ముద్ద ఆగింది.
ఏమీ అనలేదు.
తెల్లారి లేచేసరికి
బిందెలు నిండి ఉన్నాయి.

నయమైందా అంటే, లేదు.
రెండు షిఫ్టులు చేసిన సాయంత్రాలు
అది వాకిట్లోకొచ్చి తొంగి చూస్తుంది.
చూడనీ. దానికి మర్యాద నేర్పుతున్నా,
ఒక్కోరోజు వింటుంది.

కొత్తగా చేరింది మహిమ.
రెండో కాన్పై మూడు నెలలన్నా నిండలేదు.
మూట ఎత్తింది, దగ్గింది,
దగ్గాక ఒక్క క్షణం కదలకుండా నిలబడి
కుచ్చిళ్లు సర్దుకుంది.
ఆ నిలబడటం నాకు తెలుసు.

నా పక్కన చోటు చేశాను.
అటు చూడకు, కాయలు చూస్తూ విను.
గాలి తిరిగింది, అవతల షెడ్డులో
రాశి కదుపుతున్నారు.
ముక్కు సంగతి తర్వాత మహిమా,
ముందు కింద,
మెల్లగా పైకి,
ఇప్పుడు...