నూట పధ్నాలుగో బిళ్ల

తెల్లవారుజామున నాలుగున్నరకి
పొగమంచులోంచి ముందు గొలుసుల చప్పుడొస్తుంది,
మనుషులు తర్వాత.

మా ఊరి పేరు మాడ్రిడ్.
స్పెయిన్‌లోది కాదు, బొగోటాకి పడమట
చలిగాలి మైదానంలో ప్లాస్టిక్ కప్పుల కింద
గులాబీలు పెంచే ఊరు.
నేను ఎవారిస్తోని. ఇరవై రెండేళ్లు ముళ్లు గిల్లాను.
మోకాలు మొరాయించాక
పూల దగ్గర్నుంచి సైకిళ్ల దగ్గరికి మార్చారు.

ఈ షెడ్డు వచ్చి మూడేళ్లే.
అంతకుముందు కంచెకి కట్టేసేవాళ్లు.
కార్లకి మాత్రం తారు నేల, దీపాలు,
తుపాకీ పట్టుకున్న కాపలా.
ఒక ఫిబ్రవరిలో, ప్రేమికుల రోజుకి ముందు వారం,
పదహారు గంటలు పూలు కట్టి బయటికొస్తే
కంచెకి తొమ్మిది తెగిన తాళాలు.
ఆ రాత్రి తొమ్మిది మంది ఆడవాళ్లు
పదకొండు కిలోమీటర్లు నడిచారు.
మర్నాడు ఆలస్యమయ్యారని సగం పూట జీతం కోత.
కోత మాకు రోజూ ఉండే పనే,
ఆ కోతని మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

నడిచిన తొమ్మిది మందిలో యామిలే ఒకతి.
షెడ్డు వేసేదాకా ప్యాకింగ్ గదిలో
కత్తెర పట్టేది లేదంది.
నాలుగు రోజులు పూలు బకెట్లలోనే విచ్చుకున్నాయి.
విచ్చుకున్న గులాబీని ఎవడూ కొనడు.
ఐదో రోజు రేకులు దిగాయి.

రేకుల కప్పు, ఇనుప వల, రెండు కెమెరాలు,
సైకిలుకో ఇత్తడి బిళ్ల, మనిషి మెడలో దాని జత.
రెండూ కలిస్తేనే బండి కదలాలి.
గోడమీద ఉన్న ఆ నిబంధన
రాసింది నేనే, కొంచెం వంకరగా.

ముఖాలకన్నా నాకు సైకిళ్లే బాగా గుర్తు.
ముప్పై ఒకటి వెనక సీటుకి పిల్లాడి దిండు.
పిల్లాడికి మీసాలొచ్చాయి, దిండు విప్పలేదు.
అరవైకి బ్రేకుల్లేవు, ఆయన ఎడమ బూటే బ్రేకు.
రెండు నెలల జీతం పోసి ఎర్ర సైకిలు కొన్న కుర్రాడు
మొదట్లో గంటకోసారి వచ్చి వలలోంచి తొంగి చూసేవాడు.
ఇప్పుడు రావడం మానేశాడు.
నేను చేసే ఉద్యోగమంతా
వాడలా మానేయడంలోనే ఉంది.

నూట పధ్నాలుగు యామిలేది.
ఆకుపచ్చది, గంట ఉండదు,
మలుపులో తనే ఈలేస్తుంది.

మదర్స్ డే పూలు విమానమెక్కేసిన మంగళవారం
ఆమెని ఆఫీసుకి పిలిచారు.
ఆఫీసు తలుపు రోడ్డువైపు తెరుచుకుంటుంది.
మాట చెప్పి అటునుంచే పంపేశారు,
గేటు దగ్గర కార్డు అప్పటికే చచ్చిపోయింది.
లోపల సైకిలు, బయట మనిషి.

సూపర్‌వైజర్ నా దగ్గరికొచ్చి అన్నాడు:
"ముందు సంతకం పెట్టాలి, తనంతట తానే మానేసినట్టు.
తర్వాతే సైకిలు."
తలూపాను. ముసలాడి తల అన్నిటికీ ఊగుతుంది.

నాలుగింటికి వాన మొదలైంది.
కంచె అవతల యామిలే కదలకుండా నిలబడింది.
అడగలేదు, తిట్టలేదు.
మెడలోంచి బిళ్ల తీసి
వల సందులోంచి లోపలికి చాపింది, అంతే.

తీసుకుని సైకిలు బిళ్ల పక్కన పెట్టాను.
ఒకటి, ఒకటి, నాలుగు.
ఒకటి, ఒకటి, నాలుగు.
కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చూశాను.

పూల లారీలు వెళ్లే గేటు ఆ వేళ తెరిచే ఉంటుంది.
మోకాలు కలుక్కుమంటున్నా నెట్టుకుంటూ వెళ్లాను.
టైర్లలో గాలి తక్కువగా ఉందని చెప్పాను,
అంతకంటే మాట రాలేదు.
మలుపు దగ్గర ఈల వినబడిందేమో,
రేకులమీద వాన, సరిగ్గా చెప్పలేను.

రేపు కెమెరా చూస్తారట. చూడనీ.
దొంగతనం జరిగిందేమో వెతుక్కోనీ.
వానలో ఒక ముసలాడు
రెండు బిళ్లలు పక్కపక్కన పెట్టి
చాలాసేపు చదువుకుంటూ కనిపిస్తాడు.