చెక్‌ట్రే

రొయ్యను టార్చిలైటుకు అడ్డం పెడితే చాలు,
దాని లోపలంతా బయటే.
వీపెంట నల్లదారం నిండుగా ఉంటే మేత తిన్నట్టు,
తెగి తెగి ఉంటే ఒంట్లో బాగలేనట్టు,
తెల్లగా పాలిపోయిందా
శీనయ్య బండెక్కి మందుల షాపుకు ఉరికినట్టే.
పదకొండేళ్ళుగా మైపాడు గుంటల కాడ
చెక్‌ట్రే ఎత్తి నేను చేసే వైద్యం ఇది.

నాకే అట్టాంటి తోలు లేకపాయె.

రెండేళ్ళు.
గట్టెక్కితే గుండె ఎయిరేటరు మాదిరి కొట్టుకునేది.
గోళ్ళు గరిటెల్లా వంగినాయి.
పలకబలపం కనపడితే నోరూరేది.
ఆర్‌ఎంపీ అన్నాడు, ఆడోళ్ళకు మామూలే.
పెద్దాసుపత్రిలో అన్నారు, ఆడోళ్ళకు మామూలే.
నెలనెలా పోయేది ఆగి మూడేళ్ళయింది సార్ అంటే
కాయితంలోంచి తల ఎత్తలా.
రెండు సంచుల రక్తం ఎక్కించి పంపినారు.
మూడు నెలలకు ఆ ఎరుపు కూడా
యాడికో పోయింది.

గొంతులోంచి ఒక గొట్టం, కింద నుంచి ఒక గొట్టం.
రెండూ చెరో కొస చూసి వెనక్కొచ్చినాయి.
నడిమధ్యన పద్దెనిమిది అడుగుల పేగు,
ఆడికి ఎవురికీ దారి లేదంట.

పొగతోటలో డాక్టరమ్మ అరచేతిలో పెట్టి చూపించింది,
ఈతకాయంత మాత్ర.
కొసన గాజుకన్ను, కంటి చుట్టూ మినుకుమినుకు దీపాలు.
"మింగు మస్తానమ్మా, నవలొద్దు."
నడుముకు బెల్టు, బెల్టుకు పెట్టె,
పొట్ట మీద అంటించిన బిళ్ళలు.
జిలానీ అనే పిల్లోడు వైర్లు సర్దుతా
"ఎనిమిది గంటలు తిరుగు పెద్దమ్మా, పండుకోబాక" అన్నాడు.

తిరిగినా.
ట్రంకురోడ్డు చీరల షాపుల అద్దాల్లో
నా నడుం కాడ దీపం ఆరతా వెలగతా.
కట్టిన చీర నలగని బొమ్మలు
నా పక్క చూస్తన్నాయి.
సెకనుకు రెండు ఫొటోలంట.
నా పెళ్ళికి తీసినవి మొత్తం మూడు,
ఒకదాంట్లో కళ్ళు మూసుకున్నా.

మధ్యాన్నం రెండిడ్లీలు తినొచ్చన్నారు.
తినేటప్పుడు సిగ్గేసింది,
ఎవురో లోపల కూర్చోని చూస్తన్నట్టు.
బాగా నవిలి పంపినా.

మూడో రోజు పిలిచినారు.
కంప్యూటరులో తడితడిగా గులాబీరంగు సొరంగం,
గోడలంతా సన్న నూగు, నీళ్ళ కింద నాచు మాదిరి ఊగతా.
"ఇది నువ్వే" అనింది డాక్టరమ్మ.
నమ్మబుద్ధి కాలా.
యాభై రెండేళ్ళు నేను మోసింది దీన్నా?

ఆమె వేలు ఒక కాడ ఆగింది.
దారప్పోగంత పురుగు,
వంకర తలతో గోడ కరిచి పట్టుకోనుంది.
తోలు పల్చన. లోపల ఎర్రగీత.
ఆమె నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది:
పేగు నిండుగా ఉంది.
మేత బాగా తింటంది.

ఒకటి కాదు. ఇరవై దాటినాక
జిలానీ లెక్క పెట్టడం మానేసినాడు.
కొంకిపురుగులంట.
చెప్పుల్లేని అరికాలి గుండా
తడిమట్టిలోంచి ఎక్కుతాయంట.

పరీక్షకు ముప్పైవేలు,
ఆసామి జీతంలో పట్టుకుంటాడు.
మందు పదమూడు రూపాయలు.
ఆ రెండంకెలూ నోట్లోనే తిప్పుకుంటా
శీనయ్య మైపాడు గేటు దాకా మాట్లాడలా.
ఆణ్ణించి బస్సెక్కినాక అడిగినాడు,
"ఆ కన్ను వాళ్ళకు తిరిగియ్యాల్నా?"
అక్కర్లేదన్నారులే అన్నా.
అప్పటికే యాడో పడిపోయింది అది,
నన్నంతా చూసి, ఒక్క మాట అడక్కుండా.

ఇప్పుడు కాళ్ళకు రబ్బరు చెప్పులు.
గట్టు మీద బురద అడుగడుక్కీ పీక్కుంటంది,
వంగి తీసి మళ్ళా తొడుక్కుంటా.
రాత్రి చెక్‌ట్రే ఎత్తినా.
ఒక రొయ్యను టార్చికి అడ్డం పెట్టినా.
నల్లదారం నిండుగానే ఉంది, నోరింకా ఆడతానే ఉంది.
దానికీ సిగ్గేస్తదేమో అనిపించి
లైటార్పి
నీళ్ళలో వదిలేసినా.